సున్నా మీద ముల్లు

ఉదయం తొమ్మిదింపావుకి ముల్లు మేస్త్రి మూడో మీటరు అద్దం తుడుస్తున్నాడు. పాత బనీను గుడ్డ, రెండు చుక్కల కిరసనాయిలు, అంచు నుంచి మధ్యలోకి గుండ్రంగా. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే వరస. తేడా ఒక్కటే. పదకొండు రోజులుగా ఆ పని ఎడమచేత్తో చేస్తున్నాడు.

షెడ్డులో అది ఎవరూ గమనించలేదు. ఇంట్లో భార్య గమనించింది. పొద్దున టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంటే కాసేపు చూసి, "చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు పట్టుకున్నారేంటి? కింద పెడితే ఏడుస్తుందా?" అంది. వేడిగా ఉందన్నాడు. టీ చల్లారి పావుగంటయింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

అతనికి అరవై ఒకటి. సన్నటి మనిషి, పొడుగు మెడ, దారం కట్టిన కళ్ళజోడు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. షెడ్డు బావమరిదిది. అంతకుముందు మామగారిది. పాత కార్లు, అంటే మనుషులకన్నా ముందు పుట్టి ఇంకా తిరుగుతున్నవి, అక్కడికి వస్తాయి. మామగారు పోతూ పోతూ షెడ్డు కొడుక్కిచ్చాడు, కూతుర్నీ మాస్టర్ మీటరునీ అల్లుడికిచ్చాడు అని అక్కడ ఒక జోకు ఉంది. అల్లుడు ముందు దేన్ని అందుకున్నాడు అన్నదాని మీద ఇంకో జోకు ఉంది.

అతని పని ఒకటే. ఆయిల్ మీటర్లు. ఇంజన్‌లో నూనె ఎంత ఒత్తిడితో తిరుగుతోందో డాష్‌బోర్డు మీద చెప్పే మీటరు అది. అరచేతిలో పడుతుంది. ఒత్తిడి పడిపోతే ఇంజన్ అరిచేలోపే బేరింగులు అరిగిపోతాయి. అరుపు విని ఆపినవాడు బండిని తాడు కట్టి లాక్కొస్తాడు. ముల్లు చూసి ఆపినవాడు నడుపుకుంటూ వస్తాడు. కాబట్టి ముల్లు నిజం చెప్పాలి. పాత మీటర్లలో గొట్టాలు సాగుతాయి, పళ్ళు అరుగుతాయి, ముల్లు బద్ధకిస్తుంది. వాటిని విప్పి, కడిగి, అన్నిటికీ కొలతబద్ద లాంటి మాస్టర్ మీటరు పక్కన పెట్టి, అది చూపించే అంకే ఇదీ చూపించేదాకా సర్దడం మేస్త్రి పని.

మామూలు మెకానిక్కులు మీటరు బాగుందో లేదో ఒక్క చూపుతో తేల్చేస్తారు. ఇంజన్ ఆపితే ముల్లు సున్నా మీదికి వచ్చిందా, బాగున్నట్టే. మేస్త్రికి ఆ మాట వింటే ఒళ్ళు మండేది. "సున్నా దగ్గర ఎవడైనా నిజమే చెబుతాడు. నలభై దగ్గర అడుగు," అనేవాడు. ఆ మాట ఊళ్ళోని షెడ్లన్నీ తిరిగింది. పాత కారు కొనబోయేవాళ్ళు, మీటరు ముల్లు మేస్త్రి చూశాడా అని అడిగేవాళ్ళు. చూశాడంటే ఇంకో ప్రశ్న ఉండేది కాదు. అతనికి ఉన్న ఆస్తి అదే. అతని దృష్టిలో అది తక్కువేం కాదు.

పదకొండు రోజుల కింద, మధ్యాహ్నం, అందరూ భోజనానికి వెళ్ళిన సమయంలో, అతను మాస్టర్ మీటరును చెక్కపెట్టెలోంచి తీశాడు. పళ్ళెమంత ఇత్తడి మీటరు. తీసి బెంచీ వైపు తిరిగేలోపు కుడిచెయ్యి లేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. చెయ్యే లేనట్టయింది. పది లెక్కపెట్టేంతసేపు. మీటరు సిమెంటు నేల మీద పడింది.

అద్దం కూడా పగల్లేదు. ఎడమచేత్తో తీసి చూశాడు. ముల్లు సున్నా మీద ఉంది. తుడిచి పెట్టెలో పెట్టేశాడు.

మాస్టర్ మీటరును పరీక్షించే పద్ధతి ఒకటుంది. మామగారు నేర్పిందే. పది నిమిషాల పని. అతను చేయలేదు. ఆ పరీక్ష మొదలుపెడితే, మీటరు ఎందుకు పడింది అన్న దగ్గరికి వెళ్ళాల్సి వస్తుంది. సున్నా మీద ఉంది కదా అనుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు ఎవరిని వెక్కిరించాడో వాళ్ళ మాటే అనుకున్నాడు. ఆ తర్వాత ఆ మాస్టరును నమ్మి ఏడు బండ్ల మీటర్లు సరిచేసి పంపాడు.

పదిగంటలకు ఆ ఏడింటిలో ఒకటి గేటులోకి వచ్చింది.

ముదురాకుపచ్చ రంగు, గుండ్రటి పెద్ద లైట్లు, తలుపు తీస్తే అడుగున మెట్టు. డాక్టరమ్మ కారు. ఆవిడ రిటైరై పన్నెండేళ్ళయింది, ఇప్పటికీ తనే నడుపుతుంది. సీటు మీద మడతపెట్టిన దుప్పటి వేసుకుని, దాని మీద కూర్చుంటే తప్ప రోడ్డు కనపడదు. కారు వాళ్ళ నాన్నది. అందులో మొదట డ్రైవింగు నేర్చుకున్నది వాళ్ళన్నయ్య. ఆ అన్నయ్య ఇప్పుడు కొండ అవతలి ఊళ్ళో మంచం మీద ఉన్నాడు. ఒక్కసారి ఆ ఇంజన్ చప్పుడు వినాలని అడిగాడు. కిటికీ కింద నిలబెట్టి వినిపిస్తానని ఆవిడ మాటిచ్చింది. అందుకే పోయిన వారం బండి అంతా చూపించుకుంది. ఇవాళ ప్రయాణం. బయలుదేరే ముందు ఒకసారి చూస్తారని వచ్చింది.

"ఒంటిగంటకల్లా కదలాలి. నాలుగు దాటితే కొండ మీద మంచు దిగుతుంది," అంది దిగుతూనే. పొద్దున ఫోను చేస్తే అన్నయ్య మాట్లాడలేకపోయాడట. ఊరికే ఊపిరి వినిపించాడట.

ఇంజన్ బాగా వేడెక్కి ఉంది. బండి ఆగినా ఇంజన్ నడుస్తుండగానే బావమరిది లోపలికి తొంగి చూశాడు. ముల్లు పద్దెనిమిది దగ్గర ఉంది. వేడి మీద పదిహేను దాకా పర్లేదు, అంతకు కిందికొస్తే ఆపాలి, అని పోయిన వారం మేస్త్రే చెప్పాడు. పద్దెనిమిది అంటే నిక్షేపం. బావమరిది బానెట్టు మీద చెయ్యి వేసి, శుభంగా వెళ్ళి రండమ్మా అన్నాడు.

మేస్త్రి బెంచీ దగ్గరే నిలబడి వింటున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఎరిగిన ఇంజన్ అది. దగ్గరికి వచ్చి, పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడు. నూనె అందీ అందక, పైన కవాటాల దగ్గర ఇనుము ఇనుముతో గొణుక్కుంటున్నట్టు. పద్దెనిమిది దగ్గర ఈ ఇంజన్ ఇలా మాట్లాడదు.

"ముసలి బండి బావా. కీళ్ళ చప్పుడుంటుంది. మీటరు పెట్టింది నువ్వే కదా," అన్నాడు బావమరిది.

మేస్త్రి స్క్రూడ్రైవరు చెవి మీంచి దించాడు. దానికి రెండే జవాబులు. తన చెవి తప్పు, లేదా తన మీటరు తప్పు. చెవి ఎక్కడా కింద పడలేదు.

"అరగంట ఇవ్వండమ్మా," అన్నాడు.

ఆవిడ గడియారం చూసుకుంది. సరేనని బెంచీ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

అతను వీధి దాటి మేకుల కొట్టుకి వెళ్ళాడు. మేకులూ బోల్టులూ తూకానికి అమ్మే కొట్టు. కిలో రాళ్ళు మూడు కావాలంటే కొట్టతను కళ్ళెగరేశాడు.

"ఏం మేస్త్రీ, మీటర్లు కూడా కిలోల్లెక్కన అమ్ముతున్నావా?"

"ఒకదాని మీద అనుమానంగా ఉంది. తూచి చూడాలి."

"తీసుకెళ్ళు. మొన్ననే తూనికలాయన ముద్ర వేసి వెళ్ళాడు. ఈ వీధిలో నమ్మదగ్గవి ఈ మూడే. నన్ను కూడా కలపలేదు చూడు."

మూడు కిలోలకు మేస్త్రి రెండుసార్లు తిరిగాడు. ముందు ఎడమచేత్తో రెండు, తర్వాత ఒకటి. కొట్టతను వెనకనుంచి, మూడోసారికి టిఫిను పంపమంటావా అని అరిచాడు. మేస్త్రి వెనక్కి చూడకుండా రాయి పట్టుకున్న చేతినే ఊపాడు. అది కూడా ఎడమచెయ్యే.

బెంచీ అడుగు సొరుగులో, నూనె గుడ్డలో చుట్టి ఉంది మామగారి ప్లంజరు. డీజిల్ పంపులోంచి తీసిన ఉక్కు కడ్డీ, దానికి సరిగ్గా సరిపోయే గొట్టం. వెంట్రుక కూడా పట్టనంత బిగువు. గొట్టాన్ని నిలువుగా బిగించి, నూనె నింపి, పక్క రంధ్రానికి మాస్టర్ మీటరు తగిలించాలి. కడ్డీ మీద బరువు పెడితే నూనె మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్క తప్పదు. కిలోకి పదిహేను. రెండుకు ముప్పై. మూడుకు నలభై ఐదు. మామగారు ఇంతకుమించి ఇంకేం నేర్పలేదని మేస్త్రి అప్పుడప్పుడు అనేవాడు. ఇంకేం అక్కర్లేదని కూడా అనేవాడు.

బరువేమీ లేనప్పుడు ముల్లు సున్నా మీద ఉంది. గీత మీద గీత గీసినట్టు.

ఒక రాయి పెట్టి, కడ్డీ గొట్టంలో ఎక్కడా బిగుసుకోకుండా వేలితో మెల్లగా తిప్పాడు. ముల్లు లేచి పదిహేను దాటింది. పద్దెనిమిది దగ్గర ఆగింది.

రెండో రాయి. ముప్పై ఆరు.

మూడో రాయి. యాభై నాలుగు.

మూడూ తీసేసి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అవే అంకెలు. పడిన దెబ్బకి లోపలి లింకు వంగింది. కింద నిజం, పైకి వెళ్ళేకొద్దీ అబద్ధం. దాన్ని చూసి సర్దిన ఏడు మీటర్లూ అదే అబద్ధాన్ని అప్పజెబుతున్నాయి. డాక్టరమ్మ బండిలో ముల్లు పద్దెనిమిది అంటే అసలు ఒత్తిడి పదిహేను. కొండెక్కుతూ ఇంకా వేడెక్కితే ముల్లు పదిహేనుకు దిగుతుంది. మేస్త్రి పర్లేదన్నాడు కదా అని ఆవిడ నడుపుతూనే ఉంటుంది. అప్పటికి అసలు పన్నెండున్నరే ఉంటుంది. సగం కొండ మీద, మంచులో, ఇంజన్ బిగుసుకుపోతుంది. డెబ్భై ఏళ్ళ మనిషి, ఒంటరిగా.

బావమరిది వెనక నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. మూడు రాళ్ళనూ ముల్లునూ చూశాడు. అతనికీ లెక్క తెలుసు.

"ఎప్పట్నుంచి?"

"పదకొండు రోజులు. నా చేతిలోంచి పడింది."

బావమరిది గొంతు తగ్గించాడు. ఇవాళ ఆవిణ్ణి నూనె కారుతోందనో ఇంకేదో చెప్పి ఆపేద్దామన్నాడు. మిగతావాళ్ళను సర్వీసని ఒక్కొక్కరిగా పిలిపించి మీటర్లు మార్చేద్దామన్నాడు. మాస్టరు తప్పని బయటికి పొక్కితే ఈ షెడ్డు గడప ఎవరూ తొక్కరన్నాడు. చివరికి, "నాన్న పెట్టిన పేరు బావా," అన్నాడు.

"మీ నాన్న నాకు నేర్పింది కిలోకి పదిహేను. పేరు దాని వెనకాల వచ్చింది."

"ఎవరికీ తెలియదు కదా."

"ఎక్కడో దారి మధ్యలో ఆరుగురికి తెలుస్తుంది. ముల్లు బాగానే ఉంది కదా అనుకుంటూ తెలుసుకుంటారు."

ఇద్దరూ అంత మెల్లగా మాట్లాడుకున్నా స్టూలు మీద ఆవిడ చెవులు బాగానే పనిచేస్తాయి. మేస్త్రి ఆమె ముందుకు వెళ్ళి, పడిన రోజు నుంచి యాభై నాలుగు దాకా, ఏమీ వదలకుండా చెప్పాడు. ఆవిడ కోపగించుకోలేదు. రోగి చెప్పేది వింటున్నట్టు విని, మరి సరిచెయ్యండి అంది.

డాష్‌బోర్డులోంచి మీటరు విప్పుకొచ్చాడు. లోపలి లింకును పట్టి ఉంచే స్క్రూ ఆవగింజంత ఉంటుంది. దాన్ని పావు తిప్పు వదులు చేసి, లింకును వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ బిగించాలి. కుడిచేత్తో సన్న స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. మొన గాడిలో కూర్చోలేదు. మళ్ళీ పెట్టాడు. జారింది. మూడోసారి జారి, తెల్లటి డయలు మీద ఇరవైకీ ముప్పైకీ మధ్య గీత పడింది. ముప్పై ఎనిమిదేళ్ళలో అతను గీసిన మొదటి గీత.

స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ఇంత సన్న పని బావమరిదికి చేతకాదు. ఇంకోసారి ముట్టుకుంటే ఉన్నదీ పోతుంది. ఎంత తప్పు చెబుతుందో తెలిసిన మీటరు, అసలు లేని మీటరు కన్నా నయం.

"కుడిచెయ్యి ఇటివ్వండి మేస్త్రీ," అంది డాక్టరమ్మ.

తన వేళ్ళు గట్టిగా నొక్కమంది. కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపమంది. చాపాడు. రెండూ సమానంగానే ఉన్నాయని అతను అనుకుంటున్నాడు. కళ్ళు తెరిచేసరికి కుడిచెయ్యి జానెడు కిందికి దిగి ఉంది.

"ఎన్నిసార్లయింది ఇలా?"

"ఒక్కసారే."

ఆవిడ అతని చెయ్యి వదల్లేదు. చూస్తూ ఉంది.

"మూడు," అన్నాడు. "ఆ రోజొకటి. పోయిన ఆదివారం గుండీలు పెట్టుకుంటుంటే. నిన్న మెట్ల మీద."

"ఇంట్లో?"

"చెప్పలేదు. కనిపెట్టింది."

మెదడుకు నెత్తురు అందక వస్తున్నవనీ, నాలుగోది ఇలా పది లెక్కపెట్టేలోపు పోకపోవచ్చనీ, ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలనీ ఆవిడ చెప్పింది. మెత్తగా చెప్పలేదు. అక్కడి డాక్టరుకు ఫోను చేసి, చీటీ రాసింది. మేస్త్రి అంతా తలూపుతూ విన్నాడు. తర్వాత, ఫోన్లు చెయ్యాల్సినవి ఉన్నాయన్నాడు. బండ్లు ఏడు, ఒకటి మీరే కాబట్టి ఆరు.

"అవి మీ బావమరిది చేస్తాడు."

"వాడు సర్వీసని చెబుతాడమ్మా."

బావమరిది నేల చూపులు చూశాడు.

ఆవిడ చేతి గడియారం విప్పి బెంచీ మీద పెట్టింది. "పదిహేను నిమిషాలు. మీరు కదిలాకే నేను కదిలేది. మీరెంత ఆలస్యం చేస్తే నాకు కొండ మీద అంత మంచు. ఆలోచించుకోండి."

"ఇదెక్కడి బేరమండీ," అన్నాడు మేస్త్రి. ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది అతనికి.

ఆరు ఫోన్లూ నిలబడే చేశాడు. అందరికీ ఒకటే మాట. నా మాస్టరు మీటరు పడింది, నేను చూసుకోలేదు, మీ ముల్లు ఎక్కువ చూపిస్తోంది, పద్దెనిమిదంటే పదిహేను, సరిచేయించేదాకా దూరం వెళ్ళకండి. ఒకతను తిట్టాడు. ఒకావిడ, మా మీటరు బాగానే ఉంది, ఆపగానే సున్నాకి వస్తోంది అంది. మేస్త్రి ఓపిగ్గా మళ్ళీ చెప్పాడు. ఒక పెద్దాయన నవ్వి, పర్లేదయ్యా, నువ్వూ మనిషివే కదా అన్నాడు. తిట్టినవాడి కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

ఈలోపు బావమరిది ఎవరూ చెప్పకుండానే కారు కిందికి దూరి, పాత నూనె దించి, చిక్కటి నూనె పోశాడు. మీటరు మళ్ళీ బిగించి ఇంజన్ నడిపితే ముల్లు ఇరవై ఒకటి చూపించింది. టిక్కుటిక్కు తగ్గింది, పోలేదు.

"కొండ దాటుతుందా?" అంది ఆవిడ.

"దాటుతుంది. ఎక్కడ ఆపాలో తెలిస్తే దాటుతుంది. అరిగిన బేరింగులు కొత్తవి వచ్చాక మారుద్దాం." అతని గొంతులో అనుమానమేమీ లేదు. "రాసిస్తాను. దారిలో లెక్కలు వేసుకోకూడదు."

కాగితం అయితే చెమ్మకు ఊడిపోతుందన్నాడు. ఆవిడ తన మందుల సంచీలోంచి గాయాలకు అంటించే తెల్ల ప్లాస్టరు తీసి, జానెడు ముక్క కత్తిరించి ఇచ్చింది. డాష్‌బోర్డు మీద పెట్టుకుని రాశాడు. రెండు వరసలు. మీటరు కింద అంటించి, బొటనవేలితో ఈ చివర నుంచి ఆ చివరకు మూడుసార్లు రుద్దాడు.

పన్నెండూ నలభైకి బావమరిది వ్యాను ముందుకు తెచ్చాడు. మేస్త్రి ముందు సీట్లో కూర్చుని, మేకుల కొట్టు రాళ్ళు ఇచ్చెయ్యమని చెప్పాడు. దారిలో భార్యను ఎక్కించుకున్నారు. ఆమె పక్కన కూర్చుని, ఏమీ అడక్కుండా అతని కుడిచెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. దాని బరువు అతనికి తెలియలేదు. ఆమెకు తెలిసింది.

డాక్టరమ్మ కొండ మీద మూడు చోట్ల ఆగింది. ముల్లు పద్దెనిమిదిని తాకగానే ఆపడం, బానెట్టు ఎత్తి పావుగంట కూర్చోవడం, మళ్ళీ కదలడం. మంచు దిగడం మొదలయ్యేసరికి అవతలి వాలు మీద ఉంది. సాయంత్రం వెలుగుండగానే అన్నయ్య కిటికీ కింద కారు నిలబెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఇంజన్ ఆపబోతే వద్దన్నట్టు వేలు కదిపాడట.

మర్నాడు ఆ సంగతి బావమరిది ఆసుపత్రిలో చెప్పాడు. అప్పటికి మేస్త్రి కుడివైపంతా పడిపోయింది. మాట ముద్దగా వస్తోంది.

"ఎన్నిసార్లు ఆగింది?" అన్నాడు.

"మూడుసార్లు బావా."

మేస్త్రి పెదవులు కదిపి ఏదో లెక్క వేసుకున్నాడు. సరిపోయిందన్నట్టు తలాడించాడు. ఐదో రోజు మధ్యాహ్నం, భార్య మంచినీళ్ళు తేవడానికి వెళ్ళి వచ్చేలోపు పోయాడు. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి, దుప్పటి మీదున్న చేతిని సర్ది, తర్వాత పిలిచింది అందరినీ.

బావమరిది ఊరూరా తిరిగి ఇంకో మాస్టరు సంపాదించాడు. దాన్ని మేకుల కొట్టు రాళ్ళతో మూడుసార్లు చూసుకున్నాకే బెంచీ మీద పెట్టాడు. మెల్లగా చెయ్యి అలవాటు చేసుకుని ఆరు మీటర్లూ సరిచేశాడు. బేరింగులు వచ్చాక డాక్టరమ్మ బండి ఇంజనూ విప్పి మళ్ళీ కట్టాడు. చివరికి మీటరు విప్పడానికి డాష్‌బోర్డు మీదికి వంగితే ఆవిడ, అదొక్కటీ వదిలెయ్యి బాబూ, నాకు లెక్క వచ్చు అంది.

ఆ ప్లాస్టరు ఇప్పటికీ అక్కడే ఉంది. అంచులు నూనెకు నల్లబడ్డాయి, ఒక మూల కాస్త లేచింది. అక్షరాలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పోయాయి గానీ, అంకెలు మాత్రం దూరం నుంచి కూడా కనపడతాయి: 18 అంటే 15. తగ్గితే ఆపండి.